మిషన్ బల్ల మీద హోంవర్క్

జూలై 8, సోమవారం

టీచర్ నన్ను "సునీత గారూ" అని పిలిచింది. నేను దిద్దలేదు.

కెజియా నాలుగో తరగతి. స్కూలుకు ఒకసారి రమ్మని కబురొస్తే నేనే పోయాను. ఆయన లారీతో బెంగుళూరు లోడు మీద ఉన్నారు. అత్త చీనీ తోటలో కాయలు కోసే పనికి పోయింది. లక్ష్మీదుర్గ టీచర్ ఈ జూన్‌లోనే బదిలీ మీద వేంపల్లెకు వచ్చింది. కెజియా తల్లి సునీత చనిపోయి రెండేళ్లయిందని, ఆ ఇంటికి ఇప్పుడు నేను వచ్చానని టీచర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఆమె కెజియా స్కూల్ డైరీ తెరిచి నా ముందు పెట్టింది. ప్రతి పేజీలో ఆ రోజు హోంవర్క్ ఏమిటో రాసి ఉంది. ప్రతి పేజీ కింద, పేరెంట్ సిగ్నేచర్ గడిలో, సునీత అని ఇంగ్లీషు సంతకం. చివరి అక్షరానికి పొడుగు తోక. పోయిన శుక్రవారం పేజీలో కూడా ఉంది.

రోజూ సంతకం పెడుతున్నారు కదమ్మా, మరి పాప ఒక్క రోజు కూడా హోంవర్క్ ఎందుకు చెయ్యడం లేదు, చూడకుండానే పెడుతున్నారా అని టీచర్ అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే.

ఇకనుంచి చూస్తాను మేడం అన్నాను.

కెజియా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఇంటికొచ్చేదాకా నాకంటే పది అడుగుల ముందు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అదే రోజు, సాయంత్రం 5

పిల్ల ఆడుకోను పోయాక పాత పుస్తకాల సంచి వెతికాను. ఒకటో తరగతి డైరీ దొరికింది. అందులోవి సునీత నిజంగా పెట్టిన సంతకాలు. అదే తోక. ఈ ఏడాది రఫ్ నోట్సు వెనక పేజీ నిండా అదే సంతకం, పైనుంచి కిందికి, నలభై సార్లో యాభై సార్లో. మొదట్లో వంకరగా ఉంది. చివరికొచ్చేసరికి తల్లిదే.

ఎక్కడివక్కడ పెట్టేశాను. అత్తకు చెబితే కొడుతుంది. ఆయనకు ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియలేదు.

జూలై 9

నా గురించి ఎవరికీ చెప్పుకునే పని లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. నాది ఆత్మకూరు. ముప్పై మూడేళ్లు. పిల్లలు పుట్టరని తేలాక మొదటి ఆయన విడిచిపెట్టాడు. తొమ్మిదేళ్లు అమ్మవాళ్లింట్లో జాకెట్లు కుట్టుకుంటూ ఉన్నాను. మేలో పాస్టర్ గారి ద్వారా ఏసుకుమార్ గారి సంబంధం వచ్చింది. నాకు పిల్లలు పుట్టరన్నది తెలిసే చేసుకున్నారు. నాలో వాళ్లకు నచ్చిన గుణం అదే. ఉన్న బిడ్డకు పోటీ ఉండదని అత్త పెళ్లిచూపుల్లోనే పైకి అనేసింది.

నాతో వచ్చింది ఒక్క కుట్టుమిషన్. కిటికీ కింద వేశారు.

కెజియా నన్ను ఏమనీ పిలవదు. ఆకలైతే వచ్చి వంటగది గడపలో నిలబడుతుంది.

జూలై 11, గురువారం

మొదటి ప్రయత్నం. హోంవర్క్ తియ్యి అన్నాను. తీసింది. రాయి అన్నాను. పెన్సిల్ చెక్కింది. మళ్లీ చెక్కింది. పెన్సిల్ సగమైంది. గంటన్నర కూర్చున్నాం. నేను గట్టిగా అన్నాను, ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆమె పేజీలో తేదీ రాసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ రాసింది. పేజీ చిరిగింది.

అత్త మంచం మీదనుంచి, "మొట్టికాయ పడితే గానీ కదల్దు మే ఆ పిల్ల. సునీత చూపుతోనే కూచోబెడతాండె," అంది.

సునీత చూపు నాకు లేదు.

జూలై 12

డైరీలో సంతకం పడింది. హోంవర్క్ పడలేదు.

జూలై 15, సోమవారం

ఈరోజు తిట్టకుండా పక్కన కూర్చుని చూశాను. ఇంగ్లీషు పుస్తకంలో ప్రశ్న మీద ఆమె వేలు పెట్టింది. వేలు మొదటి మాట దగ్గరే ఆగింది. ఐదు నిమిషాలైనా అక్కడే ఉంది. ఈ పిల్లకు బద్ధకం కాదు. ప్రశ్న చదవడం రాదు. రాదని చెప్పడం సిగ్గు. రెండో తరగతి అంతా తల్లి పోయిన ఏడాది. ఆ ఏడాది ఏం చెప్పారో ఆమె చెవిలో పడి ఉండదు. తరగతులు మాత్రం పైకి నెట్టుకుంటూ వచ్చారు.

నాకు అర్థమైందన్న సంతోషం ఒక్క నిమిషమే. ఆ ప్రశ్న నాకూ చదవడం రాలేదు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం.

జూలై 16, మంగళవారం

చెప్పేశాను. కెజియా, ఇది నాకు కూడా రాదు అన్నాను.

మొదటిసారి నా మొహంలోకి చూసింది. "నువ్వు పెద్దదానివి గదా" అంది. పెద్దదాన్నే, అయినా రాదు అన్నాను. రేపు క్లాసులో టీచర్ చెప్పేది విని వచ్చి నాకు చెప్పు, నాకు తెలిసిందేదో నీకు నేను చెబుతాను అన్నాను. ఆలోచించుకుంది. "టీచర్ను అడిగితే తిడతాదేమో" అంది. తిట్టదు, నా కోసమని అడుగు అన్నాను.

రాత్రి సంగటి రెండోసారి వేయించుకుంది.

జూలై 23

వారమైంది. ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో కొంచెం తెలుస్తోంది.

నేల మీద కూర్చుంటే పిల్ల పడుకుంటుంది. మంచం మీద కూర్చుంటే అత్త మాట్లాడిస్తుంది. అందుకని మిషన్ తల లోపలికి మడిచి, బల్ల ఖాళీ చేసి, దాని ముందు స్టూలు వేశాను. సరిగ్గా సరిపోయింది. టైం ఆరుంబావు. ఐదింటికి అయితే ఆటలో మనసుంటుంది, ఏడున్నరకు అయితే నిద్ర వస్తుంది. సెల్ వంటగదిలో బియ్యం డబ్బా మీద. పక్కింటి భీమక్క సీరియల్ సౌండ్ గోడలోంచి వస్తుంది. పోయి అడిగితే, "పాప సదువుకుంటాందా, అట్ల జెప్పు మరి," అని తగ్గించింది.

మొదట సులభమైనది చెయ్యమంటాను, చేతికి ఊపు రావాలి. ఇరవై నిమిషాల తర్వాత లేచి నీళ్లు తాగి, గుప్పెడు వేయించిన శెనక్కాయలు తిని మళ్లీ కూర్చోవాలి. తప్పు రాస్తే రబ్బరు తియ్యనివ్వను. పక్కన మళ్లీ రాయమంటాను. తప్పు అక్కడే ఉండనీ, టీచర్‌కు కనబడాలి అంటాను. ఈ చివరిది ఆమెకు నచ్చదు.

అయ్యాక డైరీ తీసుకుని మూలకు పోతుంది. సంతకం పెట్టుకుంటుంది. నేను ఆ టైంకు పొయ్యి వైపు తిరిగి ఉంటాను.

ఆగస్టు 4, ఆదివారం

ఆయన ఇంట్లో ఉన్నారు. మిషన్ మీద పుస్తకాలు చూసి, "నువ్వు యాడ కుట్టుకుంటావు మరి?" అని అడిగారు. పగలు కుట్టుకుంటానన్నాను. తలూపారు. ఆయన మంచి మనిషి. వారానికి రెండు రోజులే ఉంటారు, అందులో ఒకటి నిద్ర. మా మధ్య మాటలు ఎక్కువగా పప్పు, ఉప్పు, టైరు.

సంతకాల సంగతి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆగస్టు 20

కెజియా ఈరోజు నాకు చదవడం నేర్పింది. "అట్ల కాదు, నాలిక పళ్ల మధ్యలో పెట్టల్ల," అంటూ స్కేలుతో మిషన్ మీద కొట్టింది. అచ్చు టీచర్. నేను మూడుసార్లు తప్పు చెప్పాను. రెండు నిజం తప్పులు.

సెప్టెంబర్ 9, సోమవారం

నా బుద్ధి తక్కువ. చార్ట్ చెయ్యాలన్నారు, మొక్క భాగాలు. పిల్ల గీసిన ఆకు చేపలాగా వచ్చింది. నలుగురిలో తక్కువ కాకూడదని నేనే గుడ్డ ముక్కలు కత్తిరించి, ఆకుపచ్చ దారంతో అంచు కుట్టి అంటించాను. చాలా బాగా వచ్చింది. టీచర్ క్లాసు ముందు ఎవరు చేశారని అడిగిందట. కెజియా తల వంచుకుందట. అందరూ నవ్వారట.

ఇంటికొచ్చి సంచి విసిరేసింది. నేను క్షమించమన్నాను. పిల్లలకు పెద్దవాళ్లు అలా చెప్పరేమో, ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. పాత కాగితం మీద మళ్లీ చేప ఆకు గీసింది. రేపు అదే పట్టుకుపోతుందట.

పక్కన కూర్చోవడం వేరు, చేతిలో పెన్సిల్ లాక్కోవడం వేరు. పక్కన ఊరికే కూర్చోవడమే కష్టం.

అక్టోబర్ 17

క్వార్టర్లీ పేపర్లు ఇచ్చారు. లెక్కల్లో యాభైకి ముప్పై నాలుగు. పోయిన ఏడాది తొమ్మిది. కాగితం నాకు ఇవ్వలేదు. మిషన్ మీద పెట్టి బయటికి పోయింది, నేను చూసుకునేలాగ.

నవంబర్ 12

నిన్న నాకు జ్వరం. పడుకుని ఉన్నాను. ఆరుంబావుకు స్టూలు జరిగిన చప్పుడు. ఎవరూ చెప్పకుండా తనే కూర్చుంది. నేను గోడ వైపు తిరిగి పెన్సిల్ చప్పుడు వింటూ పడుకున్నాను. మధ్యలో ఆగింది. లేచి నీళ్లు తాగింది. శెనక్కాయల డబ్బా మూత తీసింది. మళ్లీ కూర్చుంది.

ఇంత సంతోషం నాకు ఎప్పుడైందో గుర్తులేదు. దాన్ని పంచుకోవడానికి ఎవరూ లేకపోవడం కూడా ఇంతగా ఎప్పుడూ తెలియలేదు.

డిసెంబర్ 7, శనివారం

స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. ఈసారి ఆయన ఊళ్లోనే ఉన్నారు, తనే పోతానన్నారు. నేను ఆపడానికి సాకు దొరకలేదు.

మధ్యాహ్నం వచ్చారు. చెప్పులు కూడా విప్పలేదు. టీచర్ కెజియాను మెచ్చుకుందట, సునీత గారు చాలా శ్రద్ధ తీసుకుంటున్నారు, ఆవిడ రాలేదా అని అడిగిందట. సునీత చనిపోయి రెండేళ్లు దాటిందని ఈయన చెప్పారట. టీచర్ డైరీ తీసి చూపించిందట.

ఆ డైరీ ఆయన చేతిలోనే ఉంది. గడప మీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పారు. వేలితో ఆ సంతకాలు తడిమారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అంతకంటే పెద్దదేదో వచ్చింది.

"నీకు తెల్సునా?" అని అడిగారు.

జూలై నుంచి తెలుసు అన్నాను.

"ఇన్ని నెలలు నాకొక మాట చెప్పాలనిపించలేదా రెజీనా?"

చెబితే ఆ పిల్ల దగ్గర తల్లిది మిగిలిన ఆ సంతకం కూడా పోతుందని అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. ఆయన లేచి లారీ దగ్గరికి పోయారు.

డిసెంబర్ 8

నేనే చెప్పానని కెజియా అనుకుంటోంది. చర్చిలో అత్తకు అటుపక్క కూర్చుంది. స్టూలు ఖాళీ.

డిసెంబర్ 9

ఖాళీ.

డిసెంబర్ 11, బుధవారం

టీచర్ దగ్గరికి పోయాను. నేను సునీతను కాదు, రెజీనాను, మీ దగ్గర ఐదు నెలలు అబద్ధంలో ఉన్నాను అని చెప్పాను. ఆమెకూ చిన్నప్పుడే తండ్రి పోయాడట. కెజియా డైరీలో ఇకమీదట ఎవరి సంతకమూ అక్కర్లేదు, హోంవర్క్ అయ్యాక పిల్లే ఒక టిక్ పెట్టుకుంటే చాలు, చేసింది తనే కదా అంది.

నేను వచ్చేటప్పుడు, "ఇంట్లో మీరు కూర్చోబెట్టిన పద్ధతి బాగుందండీ రెజీనా గారూ," అంది. బజారు దాటేదాకా ఆ పేరు చెవిలో ఉంది.

డిసెంబర్ 12

ఆరుంబావు. వచ్చి కూర్చుంది. అంతా చేసింది. నాతో మాట లేదు. అయ్యాక టీచర్ ఇచ్చిన కొత్త డైరీ నా వైపు తిప్పి, దాని మీద పెన్ను పెట్టింది. నన్ను పెట్టమని కావచ్చు. నన్ను పరీక్ష చెయ్యడానికి కావచ్చు.

నేను పెన్ను ముట్టుకోలేదు. టీచర్ చెప్పింది చెప్పాను. "నేనే పెట్టుకోవచ్చా?" అంది. నువ్వే అన్నాను. చాలా సేపు ఆ గడి వైపు చూసి, చిన్న టిక్ పెట్టింది.

పాత డైరీలు రెండూ, సునీత సంతకాలదీ, కెజియా సంతకాలదీ, ఆయన తన బట్టల పెట్టెలో పెట్టుకున్నారు.

జనవరి 19, ఆదివారం

తీర్మానమైంది. గురుకులం ఎంట్రెన్స్ రాయిస్తారు. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా అక్కడే చదువు, అక్కడే భోజనం. రాయచోటి దగ్గర ఉంది. లక్ష్మీదుర్గ టీచరే చెప్పిందట, ఇప్పుడు కెజియా రాయగలదని.

అత్త, "ఈడ ఏముండాది, ఆడైతే బాగుపడతాది," అంది. ఆయన అన్నారు, "అమ్మకు మోకాళ్లు పోయినాయి, నేను ఊళ్లో ఉండేదే తక్కువ. ఇంట్లో పిల్లను చూసుకునేదానికి ఎవరుండారు చెప్పు."

నేను సంగటి గెలుకుతున్నాను. తెడ్డు ఆగలేదు.

ఆయన చెడ్డగా అనలేదు. తర్వాత గుర్తొచ్చిందేమో, "నీకు కూడా పని తగ్గుతాది రెజీనా," అన్నారు.

జనవరి 20

నేను నేర్పిన అలవాటే పిల్లను ఇంట్లోంచి తీసుకుపోతుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

రాయాలంటే సిగ్గుగా ఉంది. రాస్తాను.

టీచర్ ఎంట్రెన్స్ పుస్తకం ఇచ్చింది. రోజుకో పాఠం. ఈరోజు భిన్నాలు. అర, పావు, ముప్పావు. ఈ పుస్తకం మొత్తంలో నాకు బాగా తెలిసిన పాఠం ఇదొక్కటే. పదహారేళ్లుగా టేపు పట్టుకుని బతుకుతున్నాను. అంగుళంలో అరలు, పావులు నాకు వేళ్లలో ఉన్నాయి.

కెజియా పేజీ తిప్పి, "ఇది శానా కష్టంగా ఉండాదే," అంది.

ఇది పరీక్షలో రాదులే, వదిలెయ్యి అన్నాను.

నమ్మింది. తర్వాతి పాఠం తీసింది.

ఫిబ్రవరి 22

రోజూ అనుకుంటున్నాను, రేపు చెబుతానని. రోజూ ఆరుంబావు వస్తుంది, ఏడుంబావు అవుతుంది. సీటు రాకపోతే ఎవరూ నన్ను ఏమీ అనరు. పిల్ల ఇంకో ఏడాది ఆ స్టూలు మీద ఉంటుంది. అది తప్ప నాకు ఏమీ కనబడడం లేదు.

ఫిబ్రవరి 27

ఆదివారం స్కూల్లో పిల్లలు వాగ్దాన వాక్యాలు అప్పజెప్పాలి. అత్తకు చూపు సరిగ్గా ఆనదు. కెజియా బైబిల్ తీసి అత్త ముందు కూర్చుని చదువుతోంది. తడబడకుండా. అత్త కళ్లు మూసుకుని వింటోంది. "మీ అమ్మ కూడా ఇంత బాగా సదవల్యా," అంది.

కెజియా తలెత్తి నా వైపు చూసింది. ఊరికే, ఒక్క క్షణం. ఆ చూపులో గర్వం ఉంది, దాన్ని నాతో పంచుకుంది.



మార్చి 3, సోమవారం

చెప్పాను. స్టూలు పక్కన నేల మీద కూర్చుని చెప్పాను, మొహం చూడకుండా. భిన్నాలు పరీక్షలో వస్తాయి కెజియా, నేను అబద్ధం చెప్పాను.

"ఎందుకు?" అంది.

నీకు సీటొస్తే పోతావని.

పెన్సిల్ కింద పెట్టింది. గోడ అవతల భీమక్క సీరియల్‌లో ఎవరో ఏడుస్తున్నారు. ఈ పిల్ల లేచి లోపలికి పోతుంది, అత్తకు చెబుతుంది, ఆయనకు తెలుస్తుంది అనుకున్నాను. తెలిసినా సరే అనుకున్నాను.

"నాకు కూడా పోవాలని లేదు," అంది చివరికి. "పోకూడదని కూడా లేదు."

తర్వాత పుస్తకం తిరగేసి ఆ పేజీ వెతికింది. "రెండు వారాలు ఎనకబడినాం. లెక్క చెప్పు," అంది.

మెడలోంచి టేపు తీసి మిషన్ మీద పరిచాను. తొమ్మిదేళ్ల పిల్ల నన్ను క్షమించిందో లేదో తెలియదు. అంగుళంలో ఎన్ని పావులో మాత్రం రాత్రికల్లా వచ్చేసింది.

మార్చి 26

భిన్నాల్లో ఇరవైకి పంతొమ్మిది. తప్పొచ్చిన ఒక్కటీ నేను చెప్పిందే.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పరీక్ష పులివెందులలో. ఆయన లోడు మీద ఉన్నారు, నేనే తీసుకుపోయాను. బస్సులో కిటికీ పక్క సీటు ఆమెది. చర్చి దగ్గర పిల్లలు ఈత మట్టలు పట్టుకుని వరసగా నిలబడుతున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా వాళ్లను చూస్తూనే ఉంది.

గేటు దగ్గర సంచి తనే సర్దుకుంది. హాల్ టికెట్, రెండు పెన్నులు, అట్ట, నీళ్ల సీసా. ఏం చెప్పాలో తోచక, సులభమైనవి ముందు చెయ్యి అన్నాను. "తెల్సు," అంది.

రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. రాకూడదని ప్రార్థన చెయ్యలేదు. రావాలని కూడా చెయ్యలేకపోయాను. ఏమీ అడక్కుండా ఊరికే కళ్లు మూసుకున్నాను.

మే 20

సీటొచ్చింది. ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చిందట. మైదుకూరులో ఆగి పాలకోవా పట్టుకొచ్చారు. అత్త వీధంతా పంచింది. భీమక్క నా గడ్డం పట్టుకుని, "నీ పుణ్యమే మే," అంది. ఈ ఇంట్లో ఆ మాట అన్నది గోడ అవతలి మనిషి.

జూన్ 5

యూనిఫాంలు కొలతకు పెద్దవిగా ఇస్తారట. ఆమె కొలతలు రాసుకున్నాను. కొలిచేటప్పుడు కదలకుండా నిలబడింది. పోయిన ఏడాదికంటే రెండుంబావు అంగుళాలు పెరిగింది. ఎంత అని అడిగింది. చెప్పేలోపే టేపు చూసి తనే చెప్పింది.

జూన్ 12, గురువారం

దింపి వచ్చాం. రేకు పెట్టె, బకెట్, ప్లేటు, గ్లాసు, తాళం.

ఆఫీసులో ఒక సార్ ఫారం నింపుతున్నాడు. పాపను చూడటానికి ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పమన్నాడు. ఆయన తన పేరు చెప్పారు, అత్త పేరు చెప్పారు. అంతేనా అన్నాడు సార్. అంతే అన్నారు ఆయన. నేను బకెట్ పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను.

కెజియా బల్ల దగ్గరికి పోయింది. "ఇంకో పేరు ఉండాది సార్," అంది. ఒక్కొక్క అక్షరం ఇంగ్లీషులో చెప్పింది. ఆర్, ఈ, జీ. ఆ నోట నా పేరు నేను వినడం అదే మొదలు. సార్ రాసుకుని, ఏమవుతుంది నీకు అని అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది. చెప్పాల్సింది నేను కాదు.

"మా ఇంట్లో ఉంటాది," అంది.

సార్ నవ్వి ఏదో రాశాడు. ఏం రాశాడో నాకు కనబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చక్రాయపేట దాటాం. అప్పుడు ఆయన, నీ పేరు చెప్పడం మర్చిపోయాను, మనసులో పెట్టుకోవద్దు అన్నారు. పెట్టుకోలేదు. నా మనసులో చోటు లేదు.

జూన్ 13

మిషన్ తల పైకి తీశాను. నూనె వేశాను. ఆరు నుంచి ఏడున్నర దాకా కుట్టాను. ఏం కుట్టానో మళ్లీ విప్పాల్సి వచ్చింది.

జూన్ 22, ఆదివారం

హాస్టల్ నుంచి ఫోన్. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలట. ఆయన మాట్లాడారు, అత్త మాట్లాడింది. అత్త ఏడ్చింది కాబట్టి ఎక్కువ సేపు పట్టింది. ఫోన్ నా చేతికి వచ్చేసరికి ఇంకో పిల్ల గొంతు వినబడుతోంది, వాళ్లమ్మతో మాట్లాడటానికి.

జూన్ 24, మంగళవారం

రాయచోటిలో దారం, హుక్కులు కొనాలని అత్తకు చెప్పి బయలుదేరాను. దారం వేంపల్లెలోనూ దొరుకుతుంది.

గేటు దగ్గరికి చేరేసరికి ఆరు దాటింది. వాచ్‌మన్ రిజిస్టర్ చూసి, "నీ పేరు ఉండాది లేమ్మా, కానీ ఈపొద్దు పంపరు. రెండో ఆదివారం రా," అన్నాడు. సరే అన్నాను. పోలేదు. వాచ్‌మన్ కూడా పొమ్మనలేదు.

స్టడీ అవర్. ఎదురుగా హాలు, పొడుగు కిటికీలు, లోపల లైట్లు. నూరుమందో ఎందరో, వరసలుగా కింద కూర్చుని రాసుకుంటున్నారు. అందరివీ ఒకటే యూనిఫాం, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. మొదటి వరస నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాను.

ఏది మా పిల్లో తెలియలేదు. ఒక్కరు కూడా తలెత్తలేదు.